సమస్య: రాత్రి తొమ్మిదింట రవి వెలింగె

నిర్వాహకుడు (శ్రీకాకుళం): ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగో పాదం, పై మూడూ మీరు పూరించాలి. రాత్రి–తొమ్మి–దింట–రవివె–లింగె, అయిదూ సూర్యగణాలే (గురువూ లఘువూ, లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, రా–ర. విషయం: మన జిల్లా నుంచి బెర్లిన్ చేరినవాళ్ళ మొదటి రోజులు. అరసవల్లి స్వామి ఊళ్ళో జూన్‌లో కూడా ఆరున్నరకి పొద్దు వాలిపోతుంది. బెర్లిన్‌లో అదే నెల తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. ‘రవి’ని మనిషి పేరు చేసి తప్పించుకునే పూరణలు వద్దు, అది అరిగిపోయిన దారి.

తంగేడుపువ్వు:
బెర్లినందుఁ జేర బిడ్డ నిద్రింపదు
నల్ల తెరను గట్ట నయము గాని
పక్క యంచు నుండి వచ్చెడు కాంతితో
రాత్రి తొమ్మిదింట రవి వెలింగె

మేష్టారు: గణాలు, యతులు సరిపోయాయమ్మా. మూడో పాదమే పద్యానికి ప్రాణం. తెర కిటికీ చట్రానికి సరిగ్గా సరిపోతే వెలుగు అంచుల్లోంచి దూరుతుంది, రెండు పక్కలా జానెడు ఎక్కువ ఉండాలి. అయితే నెల చెప్పలేదు. డిసెంబరులో అక్కడ నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది కాబట్టి ఈ పద్యం అప్పుడు అబద్ధం. మొదటి పాదం ఇలా మార్చి చూడండి: ‘జూను వచ్చెనేని జోలకు లొంగదు’. బిడ్డ అని వేరే చెప్పక్కర్లేదు, జోల చెప్పేస్తుంది.

వంశధార:
ఎండ యుండె ననుచు నేఁగకు కొట్టుకు
తలుపు మూసి పోవు ధర్మ మచట
గంట యెనిమి దనఁగ గడియ వేసిరి, చూడ
రాత్రి తొమ్మిదింట రవి వెలింగె

మేష్టారు: ధార బాగుంది బాబూ. ‘తలుపు–ధర్మ’ యతి చెల్లుతుంది.

తంగేడుపువ్వు: ఎనిమిది అన్ని కొట్లకీ వర్తించదండి. సరుకుల పెద్ద కొట్లు కొన్ని పదింటి దాకా తీసే ఉంచుతారు. అసలు చిక్కు ఆదివారానిది. ఆ రోజు దాదాపు అన్నీ మూతే. పాలు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి, మరిచిపోతే పెద్ద రైల్వే స్టేషన్‌లోని కొట్లే గతి.

కొత్తగొంతు:
బస్సు చీటి కొన్న ముద్ర వేయించుము
తనిఖి వారు వచ్చి దండ మడుగ
నరువ దివ్వ వలయు నకట యూరోలను
రాత్రి తొమ్మిదింట రవి వెలింగె

మేష్టారు: విషయం ఖచ్చితం. కాగితపు చీటీ కొంటే చాలదు, రైలుకైతే ప్లాట్‌ఫారం మీది పెట్టెలో, బస్సుకైతే లోపల ముద్ర కొట్టించాలి. లేకపోతే చీటీ ఉన్నా లేనట్టే, 60 యూరోల జరిమానా. పద్యంలో రెండు లోపాలున్నాయి. మొదటిది యతి: బ–ము కుదరదు. పు, బు లాంటి ఉకారపు అక్షరాలకే ‘ము’తో మైత్రి. ‘ముందు చీటి కొన్న’ అంటే తీరిపోతుంది. రెండోది పెద్దది, సమస్యపాదం పైన పెట్టి అతికించినట్టుంది. జరిమానాకీ ఎండకీ ఏటి సంబంధం?

వంశధార: సంబంధం ఉంది మేష్టారూ, చీటీ గడువు రెండు గంటలే కదా. మధ్యలో దిగి ఎక్కొచ్చు గానీ వచ్చిన దారిన వెనక్కి రాకూడదు. ఏడింటికి ముద్ర కొట్టించి, ఎండ తగ్గలేదని తీరిగ్గా ఉంటే తొమ్మిదికి చెల్లదు. మూడో పాదం ఇలా పెడితే?
‘బొద్దుఁ జూచి యుండఁ బోయెఁ జీటి గడువు’

మేష్టారు: అన్వయం కుదిరింది. అప్పుడు ‘పొద్దు’ ‘బొద్దు’ కావడానికి రెండో పాదం ‘మడుగఁ’ అని ముగించండి.

నాగావళి ఒడ్డు:
నక్త మున్నవారు నకనక లాడుచుఁ
జుక్క కొఱకుఁ జూచి సొక్కి రకట
వంట చల్లఁబడియె వడ్డించు వేళకు
రాత్రి తొమ్మిదింట రవి వెలింగె

మేష్టారు: ఇదీ పూరణంటే! నక్తం, అంటే చుక్క చూసి తినే నియమం, ఉన్న శనివారం మనకి ఏడింటికల్లా తీరుతుంది. అక్కడ పది దాటినా ఆకాశం పూర్తిగా చీకటి పడదు. ఇంటికి ఫోన్ చేద్దామంటే మన గడియారంలో అర్ధరాత్రి దాటిపోతుంది, వేసవిలో తేడా మూడున్నర గంటలు. అదే కార్తీకంలో అయితే నక్తం హాయి, నవంబరు మధ్యలో నాలుగుంపావుకే సూర్యాస్తమయం. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి తేడా నాలుగున్నర.

నిర్వాహకుడు: ఈ వారం మొదటి స్థానం నక్తానికి. వచ్చే వారం విషయం డిసెంబరు, ఛందస్సు తేటగీతి: ‘పగలె దీపము పెట్టుట పాడి యగునె’. యతి ప–పా.