జీఆర్‌పీసీ సర్వర్‌లో క్లయింట్ ఐపీ అడిగితే అన్నిటికీ 127.0.0.1 వస్తోంది

ఉండి_కాలువగట్టు:
భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఆక్సిజన్ మీటర్ బాక్సులున్నాయండి. సిమ్ కార్డు మీద, గో భాషలో రాసిన మా జీఆర్‌పీసీ (ఒక ప్రోగ్రాం వేరే మెషీన్‌లోని ప్రోగ్రాంని పిలిచే పద్ధతి) సర్వర్‌కి రీడింగులు పంపుతాయి. ఏ రీడింగ్ ఏ చెరువుదో ఐపీని బట్టి పట్టుకుందామని హ్యాండ్లర్‌లో పీర్.ఫ్రమ్‌కాంటెక్స్ట్ (కనెక్షన్ అవతల ఎవరున్నారో చెప్పే ఫంక్షన్) వాడాను. అడ్రస్ అన్నిటికీ 127.0.0.1 (అంటే సర్వర్ ఉన్న మెషీనే), పోర్టు ఒక్కటే మారుతోంది. సర్వర్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (కనెక్షన్లు తను అందుకుని లోపలికి పంపే ప్రాక్సీ) ఉంది.

కాకినాడ_పోర్ట్50051:
అది నిజమే చెబుతోందండి. టీసీపీ కనెక్షన్‌కి అవతలి కొస ఎన్‌జిన్‌ఎక్స్, బాక్సు కాదు. జీఆర్‌పీసీ_సెట్_హెడర్‌తో ఎక్స్-రియల్-ఐపీకి రిమోట్ అడ్రస్ వేరియబుల్ ఇవ్వండి. గోలో మెటాడేటా.ఫ్రమ్‌ఇన్‌కమింగ్‌కాంటెక్స్ట్ తీసుకుని గెట్‌తో చదవండి. మ్యాప్‌లో నేరుగా పెద్దక్షరాల కీతో వెతికితే ఖాళీ వస్తుంది, కీలన్నీ చిన్నక్షరాల్లోనే దాస్తారు. సర్వర్ పోర్టు 127.0.0.1 మీదే వినాలి. బయటికి తెరిచి ఉంటే ఆ హెడర్‌లో ఎవరైనా ఏ ఐపీ అయినా రాసి పంపొచ్చు.

అమలాపురం_లాగ్స్:
అసలు ఐపీ దొరికినా మీ పని అవ్వదు. మొబైల్ కంపెనీలు ఒక పబ్లిక్ ఐపీ వెనక వందల సిమ్‌లు పెడతాయి, పైగా సిమ్ మళ్లీ కనెక్ట్ అయితే అదీ మారొచ్చు. ఐపీ లాగ్‌లో రాసుకోవడానికే. చెరువును గుర్తుపట్టాలంటే బాక్సుకొక క్లయింట్ సర్టిఫికెట్ (బాక్సు తానెవరో రుజువు చేసుకునే డిజిటల్ గుర్తింపు కార్డు) ఇచ్చి, అందులో పేరు రాసే కామన్ నేమ్‌లో చెరువు నంబర్ పెట్టండి.

ఉండి_కాలువగట్టు:
సర్టిఫికెట్లు పెట్టానండి. పీర్‌లో ఆథ్‌ఇన్ఫోని టీఎల్ఎస్ఇన్ఫోగా (సర్టిఫికెట్ వివరాలుండే రకం) మార్చబోతే ఓకే ఫాల్స్ అంటోంది.

కాకినాడ_పోర్ట్50051:
టీఎల్ఎస్ (కనెక్షన్‌ని గుప్తంగా ఉంచే పొర) ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గరే విప్పేస్తున్నారు కదా, సర్టిఫికెట్ గో దాకా ఎలా వస్తుంది? ఎన్‌జిన్‌ఎక్స్‌లో స్ట్రీమ్ బ్లాక్ పెట్టి విప్పకుండా దాటించండి. గోలో క్లయింట్‌ఆథ్‌కి రిక్వైర్‌అండ్‌వెరిఫైక్లయింట్‌సర్ట్ ఇవ్వండి. రిక్వైర్‌ఎనీక్లయింట్‌సర్ట్ పెట్టారో, ఎవరు సంతకం చేశారో చూడకుండా లోపలికి రానిస్తుంది. వెరిఫైడ్‌చైన్స్ (సరిచూసిన సర్టిఫికెట్ల జాబితా) ఖాళీగా ఉంటుంది, [0][0] అనగానే ప్యానిక్, అంటే ప్రోగ్రాం కూలిపోతుంది. పేరు అక్కడి సబ్జెక్ట్‌లో ఉంటుంది.

ఇలా చేస్తే ఎక్స్-రియల్-ఐపీ పోతుంది, ఎన్‌జిన్‌ఎక్స్ ఇక హెడర్లు ముట్టుకోలేదు. ఐపీ కూడా కావాలంటే ప్రాక్సీ ప్రోటోకాల్ (కనెక్షన్ మొదట్లో అసలు ఐపీ రాసి పంపే పద్ధతి) ఆన్ చేసి, గో లిజనర్‌కి దాన్ని చదివే తొడుగు వేయండి. తొడుగు లేకుండా ఆన్ చేస్తే హ్యాండ్‌షేకే అవ్వదు.

అమలాపురం_లాగ్స్:
ఇంకోటండి. గట్టు మీద కరెంటు పోతే బాక్సు ఏమీ చెప్పకుండానే మాయమవుతుంది, సర్వర్ మాత్రం కనెక్షన్ ఉందనే అనుకుంటుంది. స్టాట్స్ హ్యాండ్లర్‌లో కాన్‌ఎండ్ (కనెక్షన్ ముగిసిందనే కబురు) కోసం కూర్చుంటే చాలా ఆలస్యం, ఎందుకంటే గో సర్వర్ కీప్‌అలైవ్ (అవతలివాళ్లు ఉన్నారా అని పింగ్ చేసి చూడటం) డిఫాల్ట్ 2 గంటలు, ఆ పైన జవాబు కోసం 20 సెకన్లు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేదే తెల్లవారుజామున, 2 గంటలాగితే రొయ్య దక్కదు. సర్వర్ వైపు టైమ్ 60 సెకన్లకు దించండి. బాక్సు వైపు నుంచి కూడా పింగ్ పెడితే మాత్రం సర్వర్ ఎన్‌ఫోర్స్‌మెంట్ పాలసీలో మిన్‌టైమ్ తగ్గించాలి. డిఫాల్ట్ 5 నిమిషాలు. అంతకన్నా తరచుగా పింగ్ వస్తుంటే టూ_మెనీ_పింగ్స్ అని సర్వరే కనెక్షన్ తెంపేస్తుంది.