ఫోన్‌లో ఆరాధన చాలదా, మందిరానికి పోవాల్సిందేనా?

రేణిగుంట_షిఫ్ట్: అందరికీ వందనాలు. రైల్వేలో, ఫ్యాక్టరీల్లో ఆదివారం డ్యూటీ పడేవాళ్ళు మన సంఘాల్లో తక్కువేం లేరు. పొద్దున యాప్‌లో వాక్యం, రాత్రికి యూట్యూబ్‌లో ప్రసంగం, గదిలో ప్రార్థన. తలుపేసుకొని ప్రార్థించమని మత్తయి 6:6లో ప్రభువే చెప్పినాడు. మరి ఇది ఆరాధన కాదని వేదిక మీద నుంచి దెప్పడం ఎందుకు?

పుత్తూరు_పెద్దాయన: దానికి పై వచనం వదిలేస్తే ఎట్లా? వీధి మూలల్లో జనం చూడాలని నిలబడేవాళ్ళ కోసం చెప్పిన మాట అది. సమాజంగా కూడటం మానొద్దని హెబ్రీ 10:25లో ఉంది. సరే, వాక్యం ఫోన్‌లో విన్నారు. ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం, దాని సంగతేంది?

కొర్లగుంట_సిస్టర్: లాక్‌డౌన్‌లో రొట్టె, ద్రాక్షరసం ఇంట్లో పెట్టుకొని స్క్రీన్ ముందు తీసుకున్నారు కదా. అప్పుడు చెల్లింది ఇప్పుడు చెల్లదా?

పుత్తూరు_పెద్దాయన: ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకోమని 1 కొరింథీ 11:33. యూట్యూబ్ లైవ్ మామూలు సెట్టింగ్‌లో 20, 30 సెకన్లు వెనకబడుతుంది. ఇక్కడ అయ్యగారు గిన్నె దించేసినాక అక్కడ మీరు రొట్టె ఎత్తుతారు.

తిరుచానూరు_సౌండ్: అల్ట్రా లో లేటెన్సీ (ఆలస్యం బాగా తగ్గించే సెట్టింగ్) పెడితే కొన్ని సెకన్లకు దిగుతుంది. కాకపోతే బఫర్ చిన్నదవుతుంది, నెట్ కాస్త తడబడినా బొమ్మ ఆగిపోతుంది. అసలు తప్పు వేరే చోట ఉంది. మిక్సర్ నుంచి హాలు స్పీకర్లకు పోయే మెయిన్ అవుట్‌నే లైవ్‌కి ఇచ్చేస్తారు. అందులో పాస్టరు గారి మైకు, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ తప్ప జనం పాట ఉండదు. లైవ్‌కి ఆక్స్‌లో (మిక్సర్‌లోని అదనపు అవుట్‌పుట్‌లో) వేరే మిక్స్ కట్టండి. జనం వైపు ఒక కండెన్సర్ మైకు పెట్టి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరు గుండానే పోయే కరెంటు) వేయండి. దాన్ని హాలు స్పీకర్లలోకి మాత్రం వదలొద్దు, కీచుమంటుంది. జూమ్‌లో అందరూ మ్యూట్ తీసి కీర్తన పాడదామంటే జరగని పని. ఆలస్యం 30 మిల్లీసెకన్లు దాటితేనే తాళం జారుతుంది, జూమ్‌లో అంతకు ఎన్నో రెట్లు. పైగా అది ఒక గొంతును పైకి తెచ్చి మిగతావాటిని నొక్కేస్తుంది.

రేణిగుంట_షిఫ్ట్: దేవునికి కూడా లేటెన్సీ ఉంటుందా పెద్దాయనా?

పుత్తూరు_పెద్దాయన: సెకన్ల లెక్క మన కోసం. లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), కథోలిక, ఎవరిలోనైనా మంచం పట్టినవాళ్ళకు రొట్టె ఇంటికే తెచ్చి ఇచ్చే ఏర్పాటుంది. డ్యూటీవాళ్ళూ అడగొచ్చు. అడగరు. సంఘానికి కట్టాల్సిన చందా గుర్తుచేస్తారని భయం.

పలమనేరు_విచారణ: టీవీలో దివ్యపూజ (మాస్) రోగులకు ఆదరణ. కాళ్ళు బాగున్నవాడికి దాంతో ఆదివారం బాధ్యత తీరదు. మా కథోలికులకు ఇందులో చర్చే లేదు.

రేణిగుంట_షిఫ్ట్: చందా అన్నారు చూడండి, వచ్చిందయ్యా అసలు మాట! నెలల తరబడి కనిపించని మనిషికి ఒక్క ఫోన్ చెయ్యరు. పెళ్ళి నోటీసుకు పోయిన రోజు మాత్రం బాకీ పుస్తకం తెరుచుకుంటుంది.

పుత్తూరు_పెద్దాయన: ఆ పెళ్ళి యూట్యూబ్ పాస్టరు స్క్రీన్‌లో నుంచి చేస్తాడా? 1872 క్రైస్తవ వివాహ చట్టం చూడండి. అధికారమున్న పాదిరో, లైసెన్సున్నవాడో కావాలి. ఇద్దరు సాక్షులు ఎదురుగా ఉండాలి, రిజిస్టరులో సంతకాలు పడాలి. మామూలుగా పొద్దున 6 నుంచి సాయంత్రం 7 లోపలే జరగాలి. ఇక సమాధుల తోట ప్రహరీ, గుంత తవ్వే కూలి, అన్నీ చందాలోంచే.

కొర్లగుంట_సిస్టర్: అంటే ఇంతసేపూ భక్తి గురించి కాదన్నమాట. చచ్చినాక చోటు చూపించి బతికుండగా బెదిరించడం.

పుత్తూరు_పెద్దాయన: బెదిరింపు కాదమ్మా. కానుకేమో ఏ ఊరి ఛానల్ క్యూఆర్ కోడ్‌కో పోతుంది. శవపెట్టె మోసే నలుగురు మాత్రం ఈ వీధిలోంచే రావాలి.

రేణిగుంట_షిఫ్ట్: సూటిగా చెప్పండి. బాప్తిస్మం రిజిస్టరులో పేరుండి చందా లేకపోతే సమాధుల తోటలో చోటిస్తారా, ఇవ్వరా?

పుత్తూరు_పెద్దాయన: ఇస్తారు. కమిటీ తీర్మానం కావాలి.

రేణిగుంట_షిఫ్ట్: కమిటీలో ఉండేదెవరు?

పుత్తూరు_పెద్దాయన: చందా కట్టేవాళ్ళు.