ఇంట్లో నిజమైన క్రిస్మస్ చెట్టు పెడితే నిప్పు భయం లేకుండా ఏం చేయాలి?

కొత్తఇల్లు_న్యూజెర్సీ:
ఇన్నేళ్లూ ప్లాస్టిక్ చెట్టే. ఈసారి 7 అడుగుల ఫ్రేజర్ ఫర్ (సూదిలాంటి ఆకులుండే నిజమైన చెట్టు) కొందామనుకుంటున్నాం. హాల్లో ఖాళీగా ఉన్న మూల ఒక్కటే, అక్కడ నేలలో హీటర్ వెంట్ ఉంది. ఇండియా నుంచి తెచ్చిన దీపావళి సీరియల్ సెట్లు చుట్టొచ్చా? కింద గడ్డితో పశువుల పాక కూడా పెడతాం. నవంబర్ ఆఖర్లో తెచ్చి జనవరి దాకా ఉంచొచ్చా?

ఫర్‌చెట్టు:
ముందు నీళ్ల సంగతి చూసుకోండి, లైట్లు తర్వాత. నీళ్లు బాగా తాగుతున్న చెట్టు అంత తేలిగ్గా అంటుకోదు. ఎండిపోయిందైతే నిమిషం లోపే మొత్తం మంటే.

కొనేటప్పుడు కొమ్మ పట్టుకుని మీ వైపు దూయండి. పచ్చ సూదులు చేతిలోకి ఊడొస్తే వదిలేయండి. లోపలి గోధుమరంగువి కొన్ని రాలినా పర్లేదు.

చెట్టు మొదలు దగ్గర ఒకటి రెండు అంగుళాలు అడ్డంగా, తిన్నగా కోయించి తెచ్చుకోండి. కోసిన చోట ఆరేడు గంటల్లో జిగురు పట్టేస్తుంది, ఆలోపే నీళ్లలో పెట్టాలి. ఆలస్యమైతే మళ్లీ కోయాల్సిందే. స్టాండులో పట్టట్లేదని పక్కలు చెక్కకండి, నీళ్లు ఎక్కువగా లాగేది బెరడు కిందున్న చెక్కే.

మొదలు ఎన్ని అంగుళాల మందముంటే రోజుకి అన్ని క్వార్టుల నీళ్లు (క్వార్టంటే లీటరుకి కాస్త తక్కువ). 4 అంగుళాలైతే ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు. చెట్టు నిలబెట్టాక కూడా స్టాండు గిన్నెలో అన్ని నీళ్లు పట్టాలి, డబ్బా మీద రాసేది ఖాళీ గిన్నె లెక్క. పంపు నీళ్లు చాలు, పంచదారా ఆస్పిరినూ దండగ. నీటిమట్టం కోత కిందకి దిగిందా, జిగురు పట్టేసి మళ్లీ పోసినా సరిగ్గా లాగదు.

వైరింగ్_బాబాయ్:
ఆ సీరియల్ సెట్లు అటకెక్కించండి. అవి 230 వోల్టులకి చేసినవి, ఇక్కడ 120. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వెలిగిద్దామనీ అనుకోకండి. వైర్లు సన్నం, చాలావాటికి ఫ్యూజే ఉండదు.

యూఎల్ ముద్ర (భద్రత పరీక్ష చేశారని చెప్పే గుర్తు) చూసి ఎల్ఈడీలు కొనండి. ట్యాగు ఆకుపచ్చైతే ఇంట్లోకే, ఎరుపైతే లోపలా బయటా. పాత రకం 100 బుల్బుల దండ సుమారు 40 వాట్లు లాగుతుంది, ఎల్ఈడీ ఆరేడు వాట్లే. పాతవి ఒకదానికొకటి మూడుకి మించి తగిలించకండి, కరెంటంతా మొదటి దండ వైరు మీదే పోతుంది. ఫ్యూజు పోతే లోడు తగ్గించాలి, పెద్ద ఫ్యూజు వేయకూడదు.

ఎవరూ పట్టించుకోనిది ఇంకోటి. పాత దండలో ఒక బుల్బు మాడితే దాని వోల్టేజి మిగతావాటికి పంచుకుపోయి అవి ఇంకా వేడెక్కుతాయి. మాడినవి ఎప్పటికప్పుడు మార్చండి. వైరు కార్పెట్ కింద నుంచి లాగొద్దు. పడుకునేముందు ఆపడం మర్చిపోతారనుకుంటే టైమర్ పెట్టేయండి.

కొత్తఇల్లు_న్యూజెర్సీ:
థాంక్సండీ. మరి వెంట్ మూసేస్తే ఆ మూల పనికొస్తుందా?

ఫర్‌చెట్టు:
మూసినా సందుల్లోంచి వేడిగాలి వస్తూనే ఉంటుంది, సూదులు త్వరగా ఎండుతాయి. వెంట్, ఫైర్‌ప్లేస్, కొవ్వొత్తి ఏదైనా సరే కనీసం 3 అడుగుల దూరం ఉండాలి. 5 అడుగుల చెట్టు తెచ్చి వేరే చోట పెట్టుకోండి, తలుపుకి అడ్డం రాకుండా. పాకలో గడ్డి పేరుకి నాలుగు పోచలు చాలు, దీపం బ్యాటరీదే పెట్టండి.

నవంబర్ నుంచి జనవరి దాకా అంటే ఎక్కువే, నాలుగు వారాలు మించనివ్వకండి. డిసెంబర్ రెండో వారంలో తెచ్చుకోండి. నీళ్లు తాగడం మానేసి, కొమ్మ ముట్టుకుంటే సూదులు జలజలా రాలుతుంటే పండగ అయ్యేదాకా కూడా ఆగొద్దు. గరాజ్‌లోనో గోడకి చేరేసో ఉంచకుండా సిటీవాళ్లు తీసుకెళ్లేలా చూడండి. ఫైర్‌ప్లేస్‌లో మాత్రం కాల్చకండి. అంటుకుందా, ఆర్పడానికి నిలబడకండి. అందర్నీ తీసుకుని బయటికొచ్చి 911కి ఫోన్ చేయండి. స్మోక్ అలారం బటన్ ఇవాళే ఒకసారి నొక్కి చూడండి.

గోదారిగట్టు:
ఊళ్లో సరుగుడు కొమ్మ పెట్టేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. బకెట్లో తడి ఇసుక పోసి నిలబెట్టి, రోజూ ఇసుక తడపాలి. మంచులా ఉంటుందని దాని మీద దూది పరుస్తారు చూడండి, అసలు ప్రమాదం అదే. దూదీ కొవ్వొత్తులూ ఒకే చోట వద్దు. రెండింట్లో ఏదో ఒకటి మానేయమంటే, కొవ్వొత్తులే మానేయమంటాను.