లాక్టేట్ పరీక్ష లేని చోట సెప్సిస్ పిల్లల్ని ఎలా అంచనా వేస్తున్నారు?

పిల్లల డాక్టర్లకు, ఐసీయూ నర్సులకు నమస్కారం. మాది చిన్న ఆసుపత్రి. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) అనుమానం ఉన్న పిల్లల్లో ఎవర్ని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలో తేల్చుకోలేకపోతున్నాం. పిల్లల్లో సెప్సిస్‌ను గుర్తించడానికి 2024లో వచ్చిన ఫీనిక్స్ స్కోరు ఊపిరి, రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టే తీరు, స్పృహ చూస్తుంది. ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉండి 2 పాయింట్లు వచ్చినా సెప్సిస్ కిందే లెక్క. కానీ ఆ స్కోరులో లెక్కేసే లాక్టేట్ (ఒంటికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందుతున్నాయో సూచించే రక్తపరీక్ష), డీ-డైమర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) మా దగ్గర చేయరు. చేయని పరీక్షకు సున్నా వేస్తే ప్రమాదం తక్కువగా కనిపిస్తుందేమోనని నా భయం.

మొన్నొక పాపకి బీపీ బాగానే ఉంది. కాళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి, గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటింది. పిల్లల్లో బీపీ చివర్లోగానీ పడదు కదా, పంపేశాం. కల్చర్ రిపోర్టు (రక్తంలో ఏ క్రిమి ఉందో చెప్పేది) వచ్చేదాకా ఆగలేం.

ఇలాంటప్పుడు మీరు దేన్ని ఎక్కువ నమ్ముతారు? ప్లేట్‌లెట్లు పడిపోవడమా, మూత్రం తగ్గడమా, మత్తుగా ఉండటమా? ఎంతసేపటికోసారి మళ్లీ చూస్తారు? దయచేసి చెప్పండి.