కాలేజీల లీగ్ బైలాస్: వెళ్లిపోయే కాలేజీకి ఓటు ఉంచాలా?

పాలకొల్లు పీడీ
నరసాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు వైపు నుంచి నాలుగు కాలేజీలు, రాజోలు, అమలాపురం, రావులపాలెం వైపు నుంచి నాలుగు కలిసి కబడ్డీ, వాలీబాల్ లీగ్ పెట్టుకోవాలనుకుంటున్నాం అండి. కొన్ని నన్నయ యూనివర్సిటీ కిందివి, కొన్ని జేఎన్‌టీయూ కాకినాడవి. 2022లో జిల్లాలు మారాక ఎవరిది ఏ జిల్లా అనే గొడవ ఎందుకని సొసైటీగా రిజిస్టర్ చేద్దామంటున్నారు. బైలాస్ రాసేటప్పుడు మూడు చోట్ల ఆగిపోయాం. మధ్యలో ఒక కాలేజీ వెళ్లిపోతానంటే దాని డబ్బు, ఓటు ఏం కావాలి? ఎనిమిదింట్లో రెండింటికి ఒకే కరస్పాండెంట్, ఆయనకు ఒక ఓటా, రెండా? స్పాన్సర్ చేస్తానంటున్న రొయ్యల మేత డీలరు ఒక కాలేజీ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్నారు, ఫర్వాలేదా? అమెరికాలో కాలేజీ కాన్ఫరెన్సులు, అంటే మనం పెట్టాలనుకునేలాంటి లీగులు, ఈమధ్యే చెల్లాచెదురయ్యాయి కదా. అక్కడ ఏ రూలు పనికొచ్చిందో తెలిసినవాళ్లు చెప్పండి.

వశిష్ఠ గట్టు
మొదటి ప్రశ్నకు ప్యాక్-12 సంగతి చూడండి, అది అమెరికా పడమటివైపు పన్నెండు యూనివర్సిటీల కాన్ఫరెన్సు. 2022 జూన్‌లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్సుకు పోతున్నామని ప్రకటించాయి. 2023 జులైలో కొలరాడో, ఆగస్టులో ఒరెగాన్, వాషింగ్టన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా, సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా తలో కాన్ఫరెన్సు దారి పట్టాయి. మిగిలినవి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్, రెండే. అయితే ఆ పదీ 2024 వేసవి దాకా అక్కడే ఆడాలి. అంటే బోర్డులో పన్నెండు కుర్చీలుంటే పదింట్లో పెట్టేబేడా సర్దుకున్నవాళ్లే. వాళ్లు చేతులెత్తి సంస్థను రద్దుచేసి ఖజానా పంచేసుకుంటే ఆపేదెవరు?

మిగిలిన రెండూ వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కౌంటీ కోర్టుకెళ్లాయి. వెళ్లిపోతామని 2024 ఆగస్టు 1 లోపు నోటీసిచ్చిన సభ్యుడి ప్రతినిధికి బోర్డులో చోటుండదని బైలాస్‌లో ఉంది. "మేం కదిలేది ఆ తేదీ తర్వాత కాబట్టి ఆ రూలు మాకు వర్తించదు" అని వెళ్లేవాళ్ల వాదన. వాళ్లను ఇరికించింది వాళ్ల పాత నడతే. మొదట ప్రకటించిన యూఎస్‌సీ, యూసీఎల్‌ఏలను, తర్వాత కొలరాడోను ఇదే రూలు చెప్పి బోర్డు మీటింగులకు దూరం పెట్టారు. అప్పుడు ఒప్పుకున్న అర్థాన్ని ఇప్పుడు కాదంటే ఎలా? 2023 నవంబరులో జడ్జి మిగిలిన రెండు కాలేజీలవైపే ఇంజంక్షన్ (తాత్కాలిక ఉత్తర్వు) ఇచ్చారు, డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఆ తర్వాత రాజీ కుదిరింది.

కాబట్టి మీరు రెండు సంగతులు తేల్చి రాయండి. నోటీసంటే ఏమిటి: ప్రిన్సిపాల్ వాట్సాప్‌లో పెట్టినా, పేపర్లో వచ్చినా నోటీసేనా, లేక మేనేజ్‌మెంట్ తీర్మానం కాపీ సెక్రటరీకి అందాలా? తీర్మానం కాపీయే మేలు. ఇక అందిన రోజు నుంచి డబ్బు, ఆస్తి, బైలాస్ మార్పు, కొత్త సభ్యుల చేరిక, ఈ నాలుగింట్లో ఓటు పోవాలి. మ్యాచ్‌లు మాత్రం సీజన్ అయ్యేదాకా ఆడనివ్వాలి, పిల్లలు చేసిన తప్పేముంది?

కరస్పాండెంట్ విషయానికి యూసీఎల్‌ఏ, బర్క్‌లీ ఉన్నాయి. రెంటిపైనా అధికారం ఒకే బోర్డుది, కాలిఫోర్నియా యూనివర్సిటీ రీజెంట్లది. ఒక కొడుకు ఎక్కువ డబ్బున్న చోటుకు పోతే రెండోవాడి రాబడికి గండిపడింది. రీజెంట్లు ఆపలేదు. యూసీఎల్‌ఏ ఏటా కోటి డాలర్ల చొప్పున మూడేళ్లు బర్క్‌లీకి ఇవ్వాలని 2024లో తీర్మానించారు. మీ దగ్గర ఆట కాలేజీకి ఒకటి, ఓటు మేనేజ్‌మెంట్‌కు ఒకటి అని పెట్టండి. లేకపోతే ఎనిమిదింట్లో రెండు ఓట్లు ఒకే జేబులో ఉంటాయి.

తణుకు అడ్వకేట్
రిజిస్ట్రేషన్ 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద చేయించండి, కనీసం ఏడుగురు సభ్యులుండాలి. నేను చెప్పేది ఎగ్జిట్ ఫీజు గురించి. "మధ్యలో పోతే ఐదు లక్షలు కట్టాలి" అని భయపెట్టడానికి రాస్తే అది అక్కరకు రాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి కోర్టు సబబైన పరిహారమే ఇప్పిస్తుంది. అందుకని ఫీజు నిజంగా వచ్చే నష్టానికి దగ్గరగా ఉండాలి: ఆ కాలేజీతో మిగిలిన మ్యాచ్‌ల రిఫరీ ఖర్చు, అచ్చయిన షెడ్యూలు, ముందే కట్టిన బస్సు అడ్వాన్సు. లెక్క కాగితాన్ని బైలాస్‌కు అనుబంధంగా కుట్టండి. చేరేటప్పుడే అంతమేర డిపాజిట్ తీసుకుని, ముగ్గురి సంతకాలుంటే గానీ కదలని ఖాతాలో వేయండి. తర్వాత వసూలుకు తిరగడం ఎవరి తరమూ కాదు.

ఏటేటా తగ్గే ఫీజు అయితే తగాదా తక్కువ. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ యూనివర్సిటీలతో ఏసీసీ (తూర్పు తీరపు కాన్ఫరెన్సు) 2025 మార్చిలో రాజీపడింది ఇలాగే. ఫీజు మెట్లు దిగుతూ 2030-31కి ఏడున్నర కోట్ల డాలర్లకు వస్తుంది.

స్పాన్సర్ ఉండొచ్చు. కానీ ఆ డీలరున్న కాలేజీ ప్రతినిధి స్పాన్సర్ ఒప్పందం మీద చర్చ జరిగేటప్పుడు గదిలోంచి లేచి వెళ్లాలి, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి. ఓటు వేయకుండా కూర్చుంటే చాలదు, ఎదురుగా ఉంటే ఎవరూ నోరు విప్పరు. షెడ్యూలు, వేదిక, ఫైనల్ రోజు, వీటిలో స్పాన్సర్ మాట చెల్లదని ఒప్పందంలోనే రాయండి.

వశిష్ఠ గట్టు
దీనికి తోడు ఒకటి. అమెరికాలో స్పాన్సర్ స్థానంలో టీవీ చానెళ్లున్నాయి. బిగ్ టెన్ నెట్‌వర్క్‌లో పెద్ద వాటా ఫాక్స్‌ది, ఎస్‌ఈసీ (ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్సు) నెట్‌వర్క్ ఈఎస్‌పీఎన్‌ది. టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీకి పోతున్నాయని 2021 జులైలో తేలినప్పుడు, తమ మిగతా కాలేజీలను వేరే కాన్ఫరెన్సుకు లాగేందుకు ఈఎస్‌పీఎన్ ఎగదోస్తోందని ఆ రెండూ అప్పటిదాకా ఉన్న బిగ్ 12 కాన్ఫరెన్సు కమిషనర్, తమ మ్యాచ్‌లూ ప్రసారం చేసే ఆ చానెల్‌కు లేఖ రాశారు. ఈఎస్‌పీఎన్ కాదంది. నిజం ఏదైనా, రెండు సంతల్లో ఒకే దళారి ఉంటే అనుమానం ఎప్పటికీ పోదు.

వాలీబాల్ రిఫరీ
డబ్బు సంగతి ఒకవైపు, ఆట ఆగేది వేరే చోట. రిఫరీ ఫీజు హోస్ట్ కాలేజీ చేతి నుంచి ఇవ్వకూడదు, ఉమ్మడి ఖాతా నుంచే వెళ్లాలి. కబడ్డీకి ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు, మొత్తం ఆరుగురు కావాలి. ఈ ఆరుగురిలో హోస్ట్ కాలేజీ పీడీ గానీ, అక్కడి పాత విద్యార్థి గానీ ఉండకూడదు.

ఎనిమిది జట్లు ఒక్కో ఆటలో ఒక్కోసారి తలపడితే 28 మ్యాచ్‌లు. గోదావరికి అటు నాలుగు, ఇటు నాలుగు రెండు పూల్స్ చేస్తే లీగ్ దశ 12 మ్యాచ్‌లే, నది దాటేది సెమీస్, ఫైనల్‌కు మాత్రమే. పడమటి తీరంలో ఉండి తూర్పు తీరపు ఏసీసీలో చేరిన స్టాన్‌ఫర్డ్ లాగా మ్యాచ్ కోసం దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోనక్కర్లేదు. చించినాడ, సిద్ధాంతం వంతెనల మీదుగానే బస్సు వేయండి, సఖినేటిపల్లి పంటును నమ్ముకుని టైము ఇవ్వొద్దు. నవంబరులో తుపాను పడితే మట్టి కోర్టు ఆరదు, డిసెంబరు మొదటి వారం నుంచి మొదలెట్టి సంక్రాంతికి ముందు పూల్స్ ముగించండి.

ఒక జట్టు మధ్యలో మానేస్తే: దాని మ్యాచ్‌ల్లో సగంకంటే తక్కువ అయితే అన్నీ కొట్టేయండి, సగం గానీ అంతకుమించి గానీ అయితే మిగిలినవి వాకోవర్. నలుగురి పూల్‌లో ఒక్కొక్కరికి మూడే మ్యాచ్‌లు కాబట్టి రెండు ఆడేసుంటే మూడోది ఎదుటి జట్టుకు.

పాలకొల్లు పీడీ
చాలా మేలు చేశారండి. మాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ సొంత యూనివర్సిటీ కాబోతోంది. అఫిలియేషన్ మారితే దాన్ని వెళ్లిపోయినట్టు లెక్కేయాలా?

తణుకు అడ్వకేట్
వద్దండి. సభ్యత్వం కాలేజీకి ఇవ్వండి, అఫిలియేషన్‌కు ముడిపెట్టకండి. పేరు, యూనివర్సిటీ మారినా మేనేజ్‌మెంట్ అదే అయితే సభ్యత్వం కొనసాగుతుందని ఒక వాక్యం చాలు. మేనేజ్‌మెంట్ చేతులు మారితే మాత్రం 30 రోజుల్లో కొత్తవాళ్లు సమ్మతి లేఖ ఇవ్వాలి, ఇచ్చేదాకా ఓటు ఆగుతుంది.