ములాఖత్‌లో కొడుకుతో దేవుడి గురించి ఎలా మాట్లాడాలి?

వందనాలు. మా అబ్బాయి రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉన్నాడు. జాలీకి అటు వాడు, ఇటు నేను. పక్కవాళ్ల మాటల హోరులో గొంతు పెంచాల్సిందే. "అమ్మా, దేవుడి మాట ఎత్తకు" అన్నాడు. నా ప్రార్థనలు ప్రభువు వింటున్నాడని గట్టిగా నమ్ముతున్నాను. కానీ వాడితో ఏం మాట్లాడను?

జవాబు: అక్కా, అన్నం సయించిందా, నిద్ర పట్టిందా అని అడగండి. బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు మెచ్చింది చెరసాలకు చూడటానికి వచ్చినవారిని. అక్కడ బోధించమని లేదు. మా తమ్ముడి విషయంలో అమ్మ ఇలాగే చేసింది. చాలా నెలలకు వాడే బైబిలు అడిగాడు.

జవాబు: సహోదరీ, సంఘంలో వాడి పేరు పెట్టి ప్రార్థించమని అడగండి, సిగ్గుపడకండి. అపొస్తలుడైన పౌలు కూడా ఖైదీయే.

జవాబు: వెళ్లలేనప్పుడు ఈ-ములాఖత్ అనే ఆన్‌లైన్ సేవలో ముందుగా నమోదు చేసుకుంటే వీడియోలో చూడవచ్చమ్మా.