బర్నర్ వెలిగి ఆరిపోతోంది: రీసెట్ ఎన్నిసార్లు నొక్కవచ్చు?

వెచ్చనిల్లు:
ఇల్లు వేడిచేసే మా ఆయిల్ బాయిలర్ బర్నర్ వెలుగుతుంది, పదిహేను సెకన్ల తరువాత ఆరిపోతుంది, రీసెట్ బటన్ బయటికి వస్తుంది. నిన్నటి నుంచి ఆరుసార్లు నొక్కాను. రెండుసార్లు అసలు వెలగనేలేదు. ట్యాంకులో నూనె ఉంది. లోపం ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరు.

పాతమెకానిక్:
దయచేసి ఇక ఆ బటన్ ముట్టుకోకండి. మంట అంటుకోని ప్రతిసారీ నాజిల్ చిమ్మిన నూనె దహన గది అడుగున నిలుస్తుంది. తరువాత నిప్పు అంటుకున్నప్పుడు అదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఇలాగే పదేపదే నొక్కిన ఒకచోట బాయిలర్ తలుపు బోల్టులు వంగిపోవడం కళ్లారా చూశాను. వెలిగి ఆరడానికి ముందుగా అనుమానించవలసింది ఫోటోసెల్‌ను. వెలుగు పడినప్పుడు దాని నిరోధం తగ్గుతుంది, దానిని బట్టే కంట్రోల్ బాక్సు మంట ఉందని గుర్తిస్తుంది. దానికి మసి పట్టిందంటే, మంట చక్కగా ఉన్నా బర్నర్ ఆగిపోతుంది. కరెంటు తీసివేసి మెత్తని గుడ్డతో తుడిపించండి.

నూనెదీపం:
మా బాయిలర్‌కు సెల్ మార్చినా ఫలితం లేకపోయింది. ఫిల్టర్ గిన్నె వాషరు గట్టిపడి పగలడంతో పంపు అక్కడి నుంచి గాలి పీల్చుకుంటోందని చివరికి తేలింది. పంపులోని గాలిని బయటికి వదిలే బ్లీడ్ స్క్రూకు పారదర్శకమైన గొట్టం తగిలించగానే నూనెతో పాటు బుడగలు వరుసగా రావడం కనిపించింది.

కొలిమికాపరి:
సెల్ తుడిచి ఊరుకోవద్దు, ఆ మసి ఎందుకు వచ్చిందో చూడాలి. నాజిల్ అరిగినా, గాలి చాలకపోయినా నూనె తుంపర పూర్తిగా మండదు. కొందరు నాజిల్ రంధ్రాన్ని తీగతో పొడిచి శుభ్రం చేస్తారు, అది పెద్ద పొరపాటు. ఆ సన్నని రంధ్రానికి గీత పడితే తుంపర ఒక పక్కకు పోతుంది. ఏడాదికొకసారి అదే కొలత, అదే తుంపర కోణం గల కొత్త నాజిల్ వేయించి, పంపు పీడనాన్ని గేజీతో చూపించుకోండి. తరువాత పొగ పరీక్ష తప్పనిసరి: పొగ వల్ల తెల్ల కాగితంపై పడిన మచ్చను 0 (మచ్చ లేదు) నుంచి 9 (బాగా నలుపు) వరకు ఉన్న కొలబద్దతో పోల్చినప్పుడు అది 0 లేదా 1 దగ్గర ఉండాలి.

వెచ్చనిల్లు:
అందరికీ కృతజ్ఞతలు. మెకానిక్ దహన గదిలో నిలిచిన నూనెను పీల్చే గుడ్డలతో ముందుగా తీశారు, నాలుగు గుడ్డలు తడిసిపోయాయి. సెల్ మీద నల్లని పొర ఉంది. నాజిల్ కూడా మార్చారు. పొగ పరీక్షలో మచ్చ 1 దగ్గర నిలిచింది, ఉదయం నుంచి బర్నర్ ఆగలేదు.